మన సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది తోట పని

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది వేడుకలు, కార్తీక వనభోజనాలు, పిల్లల ఆదివారం తెలుగు తరగతులు చక్కగా జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం. తోటలోని చెర్విల్ మడి మీద చాలామంది ప్రశ్నలు అడిగారు కాబట్టి దాని గురించి కాస్త వివరంగా రాస్తున్నాం.

చెర్విల్ కొత్తిమీర కుటుంబపు మొక్క. ఆకు ఇంకా సన్నగా, మెత్తగా ఉంటుంది, నలిపితే సోంపు వాసన వస్తుంది. ఫ్రాన్సు వంటల్లో దీన్ని బాగా వాడతారు. మనవాళ్లు పప్పులో వేసి చూశారు, బాగుంది. అయితే ఉడికిస్తే వాసన పోతుంది, దించాక పైన చల్లుకోవాలి.

ఎండ దీనికి పడదు. సుమారు 870 మీటర్ల ఎత్తున్న మన ఒడిశా కోరాపుట్‌లో వానలు తగ్గాక విత్తితే చలికాలమంతా ఆకు కోసుకోవచ్చు. తల్లివేరు కదిలితే కోలుకోదు కాబట్టి నారు పోసి నాటకూడదు, మడిలోనే విత్తాలి. మొలకకు వెలుతురు కావాలి, అందుకే గింజల మీద మట్టి కప్పకుండా చేత్తో అదిమి, తేమ ఆరకుండా చూస్తే చాలు. రెండు మూడు వారాలకోసారి కొత్తగా చల్లుతుంటే లేత ఆకు అందుతూనే ఉంటుంది. కలుపు తీసేటప్పుడు జాగ్రత్త, లేత వయ్యారిభామ ఆకు దూరం నుంచి ఇలాగే కనిపిస్తుంది. దాని మీద నూగు ఉంటుంది, సోంపు వాసన ఉండదు.

ఎండలు ముదిరేసరికి గొడుగుల్లాంటి తెల్లని పూగుత్తులు వచ్చాయి. పూత వస్తే ఆకు చేదెక్కుతుంది, పీకేసి తోటకూర వేద్దామని కొందరు అన్నారు. కొన్ని మొక్కలైనా ఉంచాల్సిందేనని తోట విభాగం పట్టుబట్టింది. చెర్విల్ గింజ ఏడాది దాటితే సరిగా మొలవదు, మన బజారులో దొరకదు. పైగా ఆ పూల తేనె కోసం సిర్ఫిడ్ ఈగలు వస్తాయి, వాటి పిల్లపురుగులు పక్క మడిలో చిక్కుడుకు పట్టే పేనుబంకను తినేస్తాయి. కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఇక్కడి గిరిజన రైతులు తరతరాలుగా వరి, చోడి విత్తనాలను కాపాడుకుంటూ వస్తున్నారు. వాళ్ల మధ్య బతుకుతూ మనం గింజ కట్టకుండా మొక్క పీకేయడం మాకు మనసొప్పలేదు.

కాయలు గోధుమరంగు తిరిగాక కోసి, నీడలో ఆరబెట్టి, కాగితపు పొట్లాలు కట్టాం. కావలసినవారు దసరాలోగా కార్యదర్శికి పేరు ఇవ్వండి. మడికి నీడ వల కొనేందుకు సర్వసభ్య సమావేశం అనుమతి కోరుతున్నాం.