తమ్ముణ్ణి చదువు మాననివ్వకు మామా

అరే మామా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. షిఫ్ట్‌కి టైమవుతోందని హడావిడిగా నాలుగు ముక్కలు చెప్పి పెట్టేశావు గానీ, "చిన్నోడు డిగ్రీ ఆపేస్తానంటున్నాడు రా" అన్న మాట మాత్రం చెవిలోనే ఉండిపోయింది. ఫోన్‌లోనైతే సగం చెప్పి సగం మింగేస్తానని ఇలా రాస్తున్నా. పోలేపల్లి కంపెనీ బస్సులో కూర్చుని నిదానంగా చదువుకో, తర్వాత వాడికీ చూపించు.

ముందైతే వాణ్ణి తిట్టకు. వాడన్నదాంట్లో అబద్ధం ఏముంది? ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు రాలేదు, బాకీ కడితేగానీ సర్టిఫికెట్లు ఇవ్వమంటున్నారు కాలేజీవాళ్లు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లనే తీసేస్తున్నారు, పైగా ఏఐ వచ్చి ఉన్న పని కూడా పోతుందని రోజూ ఫోన్‌లో చూస్తున్నాడు. ఇరవై ఏళ్ల పిల్లాడికి టెన్షన్ ఉండదా మరి. నా క్లాసులో పిల్లలూ ఇదే అడుగుతున్నారు, "సార్, ఇది చదివితే ఏమొస్తది?" అని.

మన ఫైనలియర్ గుర్తు చేసుకో. 2011 సెప్టెంబర్‌లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది, 42 రోజులు. బస్సుల్లేవు, క్లాసుల్లేవు, పరీక్షలు అసలు ఉంటాయో లేదో తెలియదు. పగలంతా నల్గొండ గడియారం సెంటర్‌లో ర్యాలీల్లో తిరిగొచ్చి, రాత్రి రామగిరి రూములో కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించుకుని, ఇద్దరికీ ఉన్న ఒక్క ఆర్గానిక్ కెమిస్ట్రీ పుస్తకం ముందేసుకునేవాళ్లం. నీది పూర్తయ్యేదాకా నన్ను పేజీ తిప్పనిచ్చేవాడివి కాదు! మైనం పడి అతుక్కుపోయిన ఆ పేజీలు నాకిప్పటికీ కళ్లముందే ఉన్నాయి. అప్పుడు ఏ ఉద్యోగం కనబడిందని చదివాం మనం? ఇవాళ నువ్వు ఫార్మా కంపెనీ ల్యాబ్‌లో ధైర్యంగా నిలబడి పనిచేస్తున్నావంటే అప్పుడు బుర్రకెక్కిందే కదా.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2022లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ పడ్డప్పుడు నా దగ్గర చదివిన ఇద్దరు ప్రిపరేషన్‌లో దిగారు. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశారు, పేపర్ లీకని 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు, అదీ హైకోర్టులో పోయింది. 2024లో కొత్త నోటిఫికేషన్, మళ్లీ మొదటి నుంచి. ఒకడు అన్నీ పక్కనపెట్టి దాని మీదే కూర్చున్నాడు, రద్దయిన ప్రతిసారీ నెలల తరబడి పుస్తకం ముట్టుకోలేకపోయాడు, వాణ్ణి చూస్తే నాకు కడుపు తరుక్కుపోయేది. రెండోవాడు ఎమ్మెస్సీ చదువుతూనే రాశాడు. వాడికీ ఉద్యోగం రాలేదు, కానీ ఏ రోజూ ఖాళీ చేతులతో నిలబడలేదు. నేర్చుకోవడాన్ని నోటిఫికేషన్‌తో ముడిపెట్టొద్దని చిన్నోడికి చెప్పమనేది అందుకే. నోటిఫికేషన్ మన చేతిలో లేదు. ఇవాళ ఒక చాప్టర్ చదవడం వాడి చేతిలో ఉంది.

మొన్న క్లాసులో జరిగింది కూడా వాడికి చెప్పు. మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి, వాళ్ల నాయనమ్మ ఫ్లోరైడ్‌తో నడుం వంగిపోయిన మనిషి, పాత బోరు నీళ్లు థమ్సప్ బాటిల్‌లో పట్టుకొచ్చి "వీటిని మనం బాగుచేయలేమా సార్?" అంది. ఆ రోజు సిలబస్ పక్కనపెట్టి, నీళ్లలో ఫ్లోరైడ్ తీసేసే నల్గొండ టెక్నిక్ చేసి చూపించా. బీకరులో నీళ్లు పోసి, ముందు కాస్త సున్నం, తర్వాత పటిక నీళ్లు వేసి, మొదట గబగబా, ఆ తర్వాత మెల్లగా కలుపుతూ పోతే, విరిగిన పాలలా తెల్లటి తరకలు కట్టి అవి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగాయి. పైన తేరిన నీళ్లు వడగట్టి టెస్ట్ కిట్ చుక్కలు వేశాం. పాత నీళ్లు పసుపుపచ్చగా తిరిగాయి, వడగట్టినవి గులాబీ రంగులో నిలిచాయి. ఆ పిల్ల రెండు గొట్టాలూ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు అలాగే చూస్తూ నిలబడింది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు 1970ల్లో తయారుచేసిన పద్ధతి ఇది, ఊరందరి కోసం ప్లాంట్లు పెట్టారు, తర్వాత టాంజానియా, ఇథియోపియా దాకా మన ఊరి పేరుతోనే వెళ్లింది. లోపాల్లేవని కాదు, పటిక ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబోయాలో తెలియదు. ఆ అమ్మాయి ఇప్పుడు దాని గురించే ప్రాజెక్టు చేస్తానని నా వెంట పడుతోంది. ఏమొస్తదని మళ్లీ అడగలేదు.

డబ్బు సంగతి వేరే, దాన్ని చిన్నది చేసి మాట్లాడను. సాయంత్రం పూట డెలివరీ చేస్తానంటే చేయనీ, తప్పేం లేదు, పరీక్ష ఫీజు మాత్రం నువ్వే గడువులోపు కట్టెయ్. తక్కువైతే నన్నడుగు, మొహమాటపడకు. ఇంట్లో గోలగా ఉంటే జిల్లా గ్రంథాలయానికి వెళ్లి కూర్చోమను, టిఫిన్ డబ్బాలతో వచ్చి పొద్దంతా చదివే పిల్లల మధ్య కూర్చుంటే ఒంటరినన్న దిగులు తగ్గుతుంది. క్లాసులు సరిగ్గా జరగకపోతే ఎన్పీటెల్ అనే వెబ్‌సైట్‌లో ఐఐటీ మాస్టార్ల వీడియో పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లీషు మొదట కష్టంగా ఉంటుంది, ఒక్కో వీడియో రెండుసార్లు చూడమను, అర్థం కానిది రాత్రి నాకు వాయిస్ మెసేజ్ పెట్టమను. ఎంత రాత్రయినా చెప్తా, వాడు నాకూ తమ్ముడే.

దసరా సెలవుల్లో వాణ్ణి నా దగ్గరికి పంపు. కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా వస్తే సాయంత్రానికల్లా ఇక్కడుంటాడు. నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉంటాడు, అమ్మ అప్పుడే వాడికి సకినాలు చేస్తానంటోంది. వచ్చేటప్పుడు మీ ఊరి బోరు నీళ్లు ఒక బాటిల్ నింపుకుని రమ్మను. పటిక, సున్నం నా దగ్గరున్నాయి.

నీ
రామగిరి రూమ్మేట్