యాంటీవైరస్ కొనేముందు డిఫెండర్ సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

కొత్త ల్యాప్‌టాప్ కొన్నవారికి బిల్లుతో పాటు యాంటీవైరస్ డబ్బా కూడా చేతిలో పెట్టడం దుకాణాల్లో మామూలైపోయింది. తెలియని వస్తువు కాబట్టి వద్దనడానికి కొనేవారు జంకుతారు. అప్‌డేట్లు అందుతున్న విండోస్ ఉంటే మామూలు ఇంటి వాడకానికి ఆ ఖర్చు అక్కర్లేదు. డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌తోనే వస్తుంది. జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ రక్షణకు 6, కంప్యూటర్ వేగం తగ్గించనందుకు 6, మంచి ఫైలును వైరస్ అని పొరబడనందుకు 6, మొత్తం 18 మార్కులకు యాంటీవైరస్‌లను పరీక్షిస్తుంది. అందులో డిఫెండర్ కొన్నేళ్లుగా డబ్బిచ్చి కొనేవాటి సరసనే నిలుస్తోంది. ఎవరైనా ఫలానాదే కొనమంటే ముందు ఆ సంస్థ సైట్లో తాజా మార్కులు చూడండి.

అసలు చిక్కు కొత్త ల్యాప్‌టాప్‌లో ముందే ఎక్కించిన ట్రయల్ (కొన్నాళ్లే ఉచితంగా పనిచేసే) యాంటీవైరస్‌తో వస్తుంది. అది ఉన్నంతకాలం డిఫెండర్ తప్పుకుని ఉంటుంది. గడువు తీరాక ట్రయల్‌కు కొత్త వైరస్‌ల సమాచారం అందదు. కొనే ఉద్దేశం లేకపోతే మొదటిరోజే సెట్టింగ్స్‌లోని యాప్స్‌కు వెళ్లి దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. దాని డ్రైవర్లు (విండోస్ లోపల పనిచేసే చిన్న ప్రోగ్రాములు) కొన్ని అప్పటికీ మిగిలిపోతాయి. వాటిని తొలగించే టూల్‌ను చాలా కంపెనీలు తమ సైట్లో ఉచితంగానే ఇస్తాయి. ఆ తర్వాత విండోస్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ‘మేనేజ్ ప్రొవైడర్స్’ తెరిస్తే ఏ యాంటీవైరస్ పనిచేస్తోందో కనిపిస్తుంది. రెండు ఉంటే రెట్టింపు రక్షణ అనుకోవద్దు. ఒకే ఫైలును రెండూ ఒకేసారి పట్టుకుని కంప్యూటర్‌ను నత్తనడక నడిపిస్తాయి, ఒక్కోసారి విండోస్ ఆగిపోయి నీలిరంగు తెర (బ్లూ స్క్రీన్) కూడా వస్తుంది.

డిఫెండర్‌లో చూడాల్సినవి కొన్నే. ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’లో ‘మేనేజ్ సెట్టింగ్స్’ తెరవండి. రియల్ టైమ్, క్లౌడ్, ట్యాంపర్ ప్రొటెక్షన్ మూడూ ఆన్‌లో ఉండాలి. అదే పేజీ అడుగున ‘ఎక్స్‌క్లూజన్స్’ జాబితా ఉంటుంది. దయచేసి దాన్ని వదలకండి. క్రాక్ చేసిన (దొంగ కాపీ) విండోస్, ఆఫీస్ వేసేటప్పుడు, లైసెన్స్ లేకుండా వాటిని నడిపించే యాక్టివేటర్‌ను డిఫెండర్ పట్టుకోకుండా ఒక ఫోల్డర్‌ను, కొన్నిచోట్ల సీ డ్రైవ్ మొత్తాన్ని ఈ జాబితాలో చేర్చేస్తారు. అక్కడున్న ఫైళ్లను డిఫెండర్ ముట్టుకోదు. యాంటీవైరస్ ఉన్నా వైరస్ ఎలా వచ్చిందని అడిగేవారు ముందు చూడాల్సింది ఇక్కడే. మీరు చేర్చనిది అందులో ఏది కనిపించినా తీసేసి ఫుల్ స్కాన్ పెట్టండి. ‘యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్’లో అక్కర్లేని యాప్‌లను అడ్డుకునే ఆప్షన్ కింద రెండు గళ్లకూ టిక్ ఉండాలి.

విండోస్ 10 వాడేవారికి ప్రత్యేకంగా ఒక మాట. దానికి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకోవచ్చు. ఎంత ఖరీదైన యాంటీవైరస్ అయినా విండోస్‌లోని లోపాన్ని పూడ్చలేదు. 2017 మే 12న విండోస్‌లోని ఒక లోపాన్ని వాడుకుని వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) విరుచుకుపడింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ మార్చి 14నే వచ్చినా, వేసుకోని కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవీ ఉన్నాయి.

డబ్బిచ్చి కొనడం అర్థవంతమయ్యే ఇళ్లూ ఉన్నాయి. పిల్లల వాడకంపై కట్టడి కావాలన్నా, అయిదారు పరికరాలకు ఒకే లైసెన్స్ కావాలన్నా, ఫోన్‌లో సాయం అడిగే వెసులుబాటు కావాలన్నా కొనండి. చెన్నై సంస్థ కే7, పుణె సంస్థ క్విక్ హీల్ మన దేశానివే. ఏది తీసుకున్నా మొదటి ఏడాది తగ్గింపు ధర కాక రెండో ఏడాది ధర అడగండి. ఆటో రెన్యువల్ ఆపేయండి.

యాంటీవైరస్ కొనకుండా మిగిలిన డబ్బుతో 1 టీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొనడం మేలు. ఫొటోలు, పత్రాలు కాపీ చేయగానే దాన్ని తీసి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది.

‘మీ యాంటీవైరస్ గడువు తీరింది’ అంటూ తెర కుడి మూలన పదేపదే వచ్చేవి చాలావరకు యాంటీవైరస్ పంపినవి కావు. ఏదో సినిమా డౌన్‌లోడ్ సైట్లో ‘అలౌ’ నొక్కినందుకు బ్రౌజర్ చూపే ప్రకటనలు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరుసగా తెరిచి, తెలియని సైట్లను తొలగిస్తే ఆగిపోతాయి. తెరంతా నిండి సైరన్ మోగిస్తూ ఫోన్ నంబరు చూపితే ఆ నంబరుకు చేయకండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను మూసేయండి. అప్పటికే ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన రిమోట్ యాప్ (దూరం నుంచి మీ కంప్యూటర్‌ను నడిపేది) ఎక్కించి ఉంటే వెంటనే వైఫై ఆపండి. బ్యాంకు పాస్‌వర్డ్ వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయిందని తెలిస్తే బ్యాంకుకూ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ ఆ నిమిషంలోనే ఫోన్ చేయండి.

– ఒక కంప్యూటర్ సర్వీస్ ఇంజినీర్, ఖమ్మం