డబ్ల్యూ ఆకారంలో కూర్చునే పిల్లలు

సంపాదకులకు,

పిల్లలు మోకాళ్లు ముందుకు, పాదాలు ఇరుపక్కలకు పెట్టి కూర్చుంటే కాళ్లు వంకరపోతాయని పెద్దలు భయపడతారు. అక్కర్లేదు. పుట్టినప్పుడు తొడ ఎముక పైభాగం సుమారు 40 డిగ్రీలు ముందుకు తిరిగి ఉంటుంది, పెద్దయ్యేసరికి అది 15 డిగ్రీలకు తగ్గుతుంది. అందుకే ఆ తిరుగుడు ఇంకా పూర్తిగా తగ్గని 3-6 ఏళ్ల పిల్లలకు ఆ భంగిమ సుఖం. బాసింపట్టు అలవాటు చేయండి, కొట్టి మాన్పించొద్దు. ఒక కాలే అలా మడిచినా, కుంటినా, నొప్పన్నా ఎముకల వైద్యుడికి చూపాలి.

సంతోషంలో చేతులు ఆడించడం, నిద్రొస్తే ఊగడం మామూలే, పిలిస్తే ఆపేస్తారు. పేరుకు పలక్కపోయినా, వచ్చిన మాటలు పోయినా పిల్లల వైద్యుణ్ని కలవాలి.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. ఏడాదిలోపు బిడ్డ నిద్ర లేవగానే వరుసగా తల వాల్చి, చేతులు విదిలిస్తే కడుపునొప్పి అనుకుని గ్రైప్ వాటర్ పడుతుంటారు. అది ఒక రకం మూర్ఛ కావచ్చు. ఆలస్యమైతే మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది. ఫోన్‌లో వీడియో తీసి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో పిల్లలకు ఏడాదికి రెండుసార్లు ఆరోగ్య పరీక్షలు చేయాలి. ఆ తేదీలు గుంటూరు తల్లులకు ముందే తెలియజేయాలని అధికారులను కోరుతున్నాం.

- పిల్లల ఫిజియోథెరపిస్టులు, గుంటూరు