చిక్కుడు పూయకపోవడం మీ తప్పు కాదండీ, నాది

మార్చి, ఏప్రిల్ నెలల్లో మా దగ్గర 'బుజ్జితోట' అనే పిల్లల విత్తనాల డబ్బా తెప్పించుకున్న 140 ఇళ్లవాళ్లకు ముందుగా ఈ మాట. మీ చిక్కుడు తీగ బాల్కనీ గ్రిల్లంతా అల్లుకుని ఒక్క పువ్వు కూడా పూయలేదంటే, అది మీరు నీళ్లు ఎక్కువ పోసినందుకు కాదు, తక్కువ పోసినందుకూ కాదు. పాప రోజూ దాన్ని ముట్టుకుంటోందని కోప్పడ్డారట ఒకరు. పాపం, ఆ పిల్లదీ తప్పు కాదు. వేసవిలో పెట్టకూడని విత్తనం నేను పెట్టి పంపాను.

మా సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. కడియం దగ్గర మాదో చిన్న నర్సరీ. ఇక్కడ ఎకరాలకు ఎకరాలు నడిపేవాళ్ల మధ్య మాది ఎకరం కూడా లేదు. మూడు నుంచి ఏడేళ్ల లోపు పిల్లలున్న ఇళ్ల కోసం నిరుడు ఈ డబ్బా మొదలుపెట్టాం. మూడు గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు), ఒక కొబ్బరిపొట్టు ఇటుక, మాగిన గెత్తం (ఎరువు), నాలుగు రకాల విత్తనాలు, పిల్లలు నీళ్లు పోసుకునే రంగుల క్యాను. అప్పటి ధర 549 రూపాయలు.

చిక్కుడు దగ్గర ఏం జరిగిందంటే, కొట్లో దొరికే విత్తనాలు చాలావాటికి గులాబీరంగు మందు పట్టించి ఉంటుంది, తెగుళ్లు రాకుండా. రైతుకి అది మంచిదే. కానీ నాలుగేళ్ల పిల్లాడి చేతికి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. వాళ్ల చెయ్యి ఎప్పుడు నోట్లోకి పోతుందో చెప్పలేం. అందుకని మా పుట్టింటి నుంచి, కోనసీమలో మా అమ్మ బూడిద కలిపి దాచిన నాటు చిక్కుడు గింజలు తెచ్చాను. పెద్ద గింజ, చిన్న వేళ్లకు బాగా అందుతుంది, నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది. ఇంకేం కావాలి అనుకున్నా.

మామయ్యగారు చూసి అన్నారు: "చైత్రంలో చిక్కుడేంటమ్మా? పందిరి నిండుద్దిగానీ కూరచట్టి నిండదు." అప్పటికే 60 డబ్బాలు వెళ్లిపోయాయి. పెద్దాయన అలాగే అంటారులే అని మిగతావీ పంపేశాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

తర్వాత తెలిసినవాళ్లని అడిగితే అర్థమైంది. నాటు చిక్కుడు పగటి పొడుగును బట్టి పూస్తుంది. మన దగ్గర జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరుకి 11 గంటల దగ్గరకు వస్తుంది. పగలు తగ్గితేగానీ ఆ తీగకి పూత రాదు. ఆషాఢ శ్రావణాల్లో పెట్టి సంక్రాంతికి కోసుకోవడం, రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసి చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టడం ఇవన్నీ నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఆ కాయలు ఆ నెలల్లోనే ఎందుకు కాస్తాయో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పొట్టి రకాల్లో కాలంతో పని లేకుండా కాసేవి ఉన్నాయి. నేను పంపింది అది కాదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: దయచేసి తీగని పీకకండి. బతికుంటే కార్తీకం అటూ ఇటూగా పూస్తుంది. చివర్లు తుంచండి, పక్క కొమ్మలు వస్తాయి. ముదిరిన ఆకులు తీసేసి, తీగ మొదలు దగ్గర రెండు గుప్పెళ్ల గెత్తం వేయండి. పూత వచ్చినప్పుడు చీమలు పైకి కిందికి తిరుగుతుంటే లేత కొమ్మల్లో పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) ఉందేమో చూడండి. ఉంటే నీళ్లు గట్టిగా కొడితే చాలావరకు పోతుంది, పిల్లలకి ఆ పని మహా ఇష్టం. పచ్చి గింజలు మాత్రం నమలనివ్వకండి, చిక్కుడు ఉడికించే తినాలి. తీగ ఎండిపోయినవాళ్లకి 150 రూపాయలు వెనక్కి పంపుతాను, లేదంటే కొత్త విత్తనాలు పంపుతాను. పార్శిల్ ఖర్చు మాదే. మొత్తం 549 ఇమ్మని ఇద్దరు అడిగారు. అందరికీ అంత ఇస్తే ఈ నెల మా ఇద్దరు పనివాళ్ల జీతాలు ఆగుతాయి, అందుకని ఇవ్వలేను.

ఏప్రిల్ డబ్బాల్లో కొన్నిటికి కొబ్బరిపొట్టు కూడా సరిగ్గా కడగనిది వచ్చింది. ఉప్పు మిగిలిపోయి మొలకల ఆకు కొసలు మాడాయి. ఇప్పుడు మేమే రెండుసార్లు నానబెట్టి, పిండి, ఆరబెట్టి, పొడిగానే సంచిలో పంపుతున్నాం. దీంతో ఇటుక పోయింది. నీళ్లు పోస్తే ఉబ్బే ఆ ఇటుక పిల్లలకి పెద్ద మేజిక్కు, అదొక్కటే నాకు బాధ.

ఇక కొత్త డబ్బా. దాన్ని మార్చింది నేను కాదు, మా నాలుగున్నరేళ్ల బాబు. వేసవిలో కాలువలు కట్టేసి బోరు నీళ్లతో నెట్టుకొచ్చే రోజుల్లో వాడికి ఒక డబ్బా ఇచ్చి, నేను పని చేసుకుంటూ గమనించాను. తోటకూర విత్తనాల పొట్లం మొత్తం ఒకే గుంటలో పోశాడు. ఆవగింజకన్నా చిన్నవి, వాడు మాత్రం ఏం చేస్తాడు? అందుకే ఇప్పుడు తోటకూర గింజలు ఇసుకలో కలిపి ఇస్తున్నాం, ఉప్పు చల్లినట్టు చల్లేయొచ్చు. బెండ గింజలు పెట్టిన మర్నాడే తవ్వి చూశాడు. మూడోనాడు మళ్లీ తవ్వాడు. మా ఆయన అరిస్తే వాడి సమాధానం: "లోపల ఏం చేస్తుందో చూడాలి కదా నాన్నా!" అదీ నిజమే. వాళ్ల తాతయ్య ఒక గాజుగ్లాసులో తడిగుడ్డ పెట్టి, గుడ్డకీ గాజుకీ మధ్య రెండు గింజలు దూర్చి కిటికీలో పెట్టారు. తవ్వుడు పూర్తిగా ఆగలేదు గానీ తగ్గింది. కాబట్టి బెండ గింజలు ఇకనుంచి రెండు పొట్లాలు వస్తాయి: ఒకటి నాటడానికి, ఒకటి తవ్వుకోవడానికి. గ్లాసు మీ ఇంట్లోదే వాడుకోండి.

రంగుల క్యాను తీసేశాం. ఫొటోలో బావుండేది, నెల తిరక్కుండా కారేది. అరలీటరు నీళ్ల సీసా మూతకి మీరే నాలుగైదు చిల్లులు పెట్టివ్వండి. క్యాను పోయింది కాబట్టి ధర 499. గ్రో బ్యాగులకి అడుగున చిల్లులు పెంచాం, ఎందుకంటే పిల్లలు రోజుకి ఐదుసార్లు పోస్తారు, ఆపలేం. ఈ సీజనుకి రకాలు తోటకూర, బెండ, గోరుచిక్కుడు, మెంతులు. మెంతులు మూడోరోజుకే మొలుస్తాయి, ఓపిక లేని బుడతలకి అవే ముందు. అన్నీ మందు పట్టించనివే.

ఇంకొకటి. డబ్బాతోపాటు అలంకారం మొక్కలు అడుగుతుంటారు. ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలుంటే గన్నేరు, పచ్చగన్నేరు, డిఫెన్‌బేకియా నేను పంపను. పచ్చగన్నేరు గింజ ప్రాణాల మీదకి తెస్తుంది. డిఫెన్‌బేకియా ఆకు కొరికితే నోరు మండి వాస్తుంది. "అమ్మేదానివి నీకెందుకమ్మా ఇవన్నీ" అని ఒకాయన విసుక్కున్నారు. వేరే చోట కొనుక్కోండి అన్నాను, కొనుక్కున్నారట.

కాలువలకి నీళ్లొచ్చాయి, ఆషాఢం నడుస్తోంది. నాటు చిక్కుడు కావాలంటే ఇప్పుడే అడగండి, అమ్మ దగ్గర ఇంకో సేరు దాకా ఉన్నాయి. పార్శిళ్లు సోమ, గురువారాల్లో కడతాం. ఫోను మధ్యాహ్నం రెండు తర్వాత చేయండి, పొద్దున్నంతా నా చేతులు గెత్తంలోనే ఉంటాయి.