విద్యార్థుల కంప్యూటర్ గది, సాంకేతిక సహాయం: 2025–26 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

హనుమకొండలో కాకతీయ విశ్వవిద్యాలయానికి చేరువలో ఉన్న మన కాలనీ సంక్షేమ సంఘం, సంఘ భవనం కింది గదిలో విద్యార్థుల కోసం నడుపుతున్న కంప్యూటర్ గదికి సంబంధించి 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు జరిగిన పనులను సర్వసభ్య సమావేశం ముందుంచుతున్నాము. జమాఖర్చుల పట్టికను విడిగా అందజేశాము కనుక ఆ అంకెలను ఇక్కడ తిరిగి చెప్పడం లేదు.

ప్రతి విద్యార్థి చేతిలోనూ స్మార్ట్‌ఫోన్ ఉన్నప్పుడు ఈ గది ఇంకా అవసరమా అని కొందరు సభ్యులు అడుగుతున్నారు. ఇది న్యాయమైన ప్రశ్నే. పాఠం వినడానికి, ఫలితాలు చూసుకోవడానికి, హాల్‌టికెట్ దించుకోవడానికి ఫోన్ చాలు. అయితే ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి సంక్షేమ హాస్టళ్లలోనో, మన చుట్టుపక్కల అద్దె గదుల్లోనో ఉంటున్న పిల్లలు పేజీ సంఖ్యలు, పట్టికలు, అధోజ్ఞాపికలతో ప్రాజెక్టు రిపోర్టు తయారు చేయాలన్నా, ఎక్సెల్‌లో సర్వే వివరాలు ఎక్కించాలన్నా, పైథాన్ ప్రోగ్రాం రాసి నడిపి చూడాలన్నా కీబోర్డు ముందు కూర్చోక తప్పదు. పీజీ ప్రవేశానికి రాసే సీపీగెట్ కంప్యూటర్ మీదే జరుగుతుంది. అధ్యాపక అర్హతకు రాసే యూజీసీ నెట్ కూడా 2018 డిసెంబరు నుంచి కంప్యూటర్ పరీక్షగా మారింది. మౌస్ పట్టడం అలవాటు లేని విద్యార్థి సమాధానం తెలిసి కూడా పరీక్ష గదిలో సమయం పోగొట్టుకుంటున్నాడు.

ఈ ఏడాది మా సమయాన్ని ఎక్కువగా తీసుకున్నది విండోస్ 10 వ్యవహారం. మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో ఆ వ్యవస్థకు భద్రతా అప్‌డేట్లతో కూడిన సాధారణ మద్దతు ముగించింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్‌లో అయితే దాదాపు ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలన్న షరతు ఉంది. మన గదిలోని యంత్రాల్లో చాలావరకు అంతకంటే పాతవి. పని చేస్తున్న వాటిని తుక్కుకు వేయడానికి మనసొప్పక, పాత హార్డ్‌డిస్కులు తీసి వాటికంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీలు అమర్చి, మెమరీ పెంచి, విండోస్‌కు బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత వ్యవస్థను, వర్డ్, ఎక్సెల్‌లకు బదులు లిబ్రెఆఫీస్‌ను వేయించాము. మొదట్లో విద్యార్థులు ఆ యంత్రాల వైపు వెళ్లడానికి జంకారు. అలవాటయ్యాక ఫిర్యాదులు తగ్గాయి. జిరాక్స్ షాపుల నుంచి పెన్‌డ్రైవుల్లో వచ్చే షార్ట్‌కట్ వైరస్ బెడద కూడా ఈ యంత్రాలకు లేకుండా పోయింది. అయినా అన్నింటినీ మార్చలేదు. కామర్స్ విద్యార్థులకు లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ కావాలి, కొన్ని విభాగాల్లో గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్ఎస్ అడుగుతున్నారు, ప్రాజెక్టు గైడ్లుగా ఉన్న అధ్యాపకులు వర్డ్ ఫైలే కావాలంటున్నారు కనుక కొత్తవాటిలో విండోస్ 11 ఉంచాము.

సభ్యులు, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్న వారి పిల్లలు పాత ల్యాప్‌టాప్‌లు విరాళంగా ఇచ్చారు. వారందరికీ కృతజ్ఞతలు. ఇచ్చేవారికి ఒక మనవి: కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే దాని పాస్‌వర్డ్ లాక్ తీయించి, కంపెనీ అనుమతి తీసుకుని ఇవ్వండి, లేకుంటే అది మాకు తెరుచుకోదు. బ్యాటరీ ఉబ్బిన వాటిని ఛార్జింగ్ పెట్టకుండా ముందే చెప్పండి. పనికిరాని సామగ్రిని పాత ఇనుప సామాన్ల వారికి అమ్మకుండా, 2022 ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లింగ్ సంస్థకే అప్పగించాము.

అక్టోబరు చివర మొంథా తుపాను వర్షాలకు వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగినప్పుడు మన గదిలోకీ నీరు చేరింది. యువ సభ్యులు రాత్రికి రాత్రే సీపీయూలను బల్లల మీదికి ఎత్తడంతో అవి దక్కాయి. యూపీఎస్‌లు, నేల వెంబడి ఉన్న వైరింగ్ పాడయ్యాయి. ఇప్పుడు ప్లగ్గులన్నింటినీ నడుము ఎత్తుకు మార్పించాము.

ఇక గదిలో జరిగిన అసలు సేవ గురించి. యంత్రం కోసం వచ్చిన విద్యార్థి కంటే, పక్కన కూర్చుని చెప్పే మనిషి కోసం వచ్చిన విద్యార్థే ఎక్కువ అని కార్యవర్గం గమనించింది. రాష్ట్ర ప్రభుత్వ ఈపాస్ వెబ్‌సైటులో స్కాలర్‌షిప్ దరఖాస్తుల కాలంలో ఇది స్పష్టంగా కనబడింది. తొందరలో నెట్ సెంటరుకు వెళ్లి దరఖాస్తు పెట్టించుకున్నప్పుడు అక్కడివారు తమ ఫోన్ నంబరో, తమ మెయిలో ఇచ్చేస్తున్నారు. మరుసటి ఏడాది రెన్యువల్ చేయాలంటే ఓటీపీ ఎవరికో వెళుతుంది, విద్యార్థికి తన దరఖాస్తే తెరుచుకోదు. ఇంకొందరికి మంజూరైన సొమ్ము, ఎప్పుడో తెరిచి మరచిన మరో బ్యాంకు ఖాతాకు ఆధార్ జతపడి ఉన్నందున, అందులో జమ అయింది. మా వాలంటీర్లు ఎవరి దరఖాస్తునూ తాము నింపలేదు. విద్యార్థి చేతే సొంత నంబరుతో నింపించి, ఆధార్ ఏ ఖాతాకు జతయిందో చూపించి, ఫోన్‌లో తీసిన ఫొటోను, సంతకాన్ని అడిగిన కేబీల లోపలికి కుదించడం నేర్పి, రసీదు పీడీఎఫ్‌ను వారి మెయిల్‌కే పంపించుకోమన్నారు. దీనికి సమయం ఎక్కువ పడుతుంది. కానీ ఒకసారి తానే చేసుకున్న విద్యార్థి మరుసటి ఏడాది మరో ఇద్దరికి చెప్పగలుగుతున్నాడు కనుక ఈ పద్ధతినే కొనసాగించాలని మా అభిప్రాయం.

తెలుగు, చరిత్ర విభాగాల పరిశోధక విద్యార్థుల ఇబ్బంది వేరు. సిద్ధాంత గ్రంథాన్ని డీటీపీ చేయించినప్పుడు అది అను ఫాంట్లలో ఉంటుంది. ఆ ఫాంట్లలో తెలుగు ఆకారాలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో పెట్టడం వల్ల, ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పేజీ నిండా అర్థం లేని రోమన్ అక్షరాలు కనిపిస్తాయి. ఏ యంత్రంలోనైనా అక్షరాలు ఒకేలా గుర్తించేలా చేసే అంతర్జాతీయ ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా మన ముద్రణ రంగం చాలాకాలం ఈ పద్ధతిలోనే నడిచింది. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నడిపే శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారానికి వెళ్లాలి. అక్కడ అను ఫాంట్ల పీడీఎఫ్‌లో ఒక్క తెలుగు మాటను వెతికినా దొరకదు. మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి తెస్తే చాలావరకు సరిగానే వస్తుంది గానీ, వత్తులు పక్క అక్షరానికి తగులుకోవడం, క్రారవడి స్థానం తప్పడం, మధ్యలో ఉన్న ఇంగ్లిష్ పేర్లు తెలుగు ముక్కలుగా మారిపోవడం జరుగుతోంది. ఒకరు అచ్చుప్రతి చదువుతుంటే మరొకరు తెర మీద దిద్దుతూ, పద్యపాదాలు, శాసన పాఠాలు ఉన్న అధ్యాయాలను అక్షరం అక్షరం సరిచూడవలసి వచ్చింది. ఈ శ్రమ రెండోసారి పడకుండా, కొత్తగా రాయడం మొదలుపెట్టేవారికి తొలి అధ్యాయం నుంచే భారతీయ భాషల ప్రామాణిక అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో యూనికోడ్‌లో టైపు చేసుకోవడం నేర్పుతున్నాము.

ఇదే సమస్య చూపులేని విద్యార్థులను ఇంకా గట్టిగా తాకుతోంది. వారికోసం ఒక విండోస్ యంత్రంలో తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత తెర పఠన సాధనం పెట్టాము. 2006లో ఆస్ట్రేలియాలో, తానూ చూపులేని మైకేల్ కరన్ మొదలుపెట్టిన సాధనమిది. ఈస్పీక్ అనే కంప్యూటర్ గొంతుతో తెలుగును కూడా చదువుతుంది. ఆ గొంతు కొంచెం మరబొమ్మ మాటలా వినిపించినా విద్యార్థులు దానికి త్వరగానే అలవాటుపడి, మనం అందుకోలేనంత వేగంతో వింటున్నారు. అయితే యూనికోడ్ పాఠాన్ని అది చదువుతుంది, అను ఫాంట్లలో ఉన్నదాన్ని చదవలేదు. ఫోన్‌తో ఫొటో తీసి పంపిన నోట్సు ముందు పూర్తిగా మూగబోతుంది. అందుకని వాలంటీర్లు స్కాన్ పేజీలను, బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ సాధనంతో పాఠంగా మార్చి, తప్పులు దిద్ది ఇస్తున్నారు. సెమిస్టరు పరీక్షల ముందు వచ్చిన నోట్సు అంతటినీ సకాలంలో ఇవ్వడం సాధ్యపడలేదు. ఈ లోటును తీర్చడం మన సంఘం కర్తవ్యమని కార్యవర్గం గట్టిగా భావిస్తోంది.

గ్రంథాలయ వనరుల మీద కొన్ని ఆదివారాలు తరగతులు పెట్టాము. 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ విద్యాసంస్థల వారికి వేలాది పరిశోధన పత్రికలు అందుబాటులోకి వచ్చాయని చాలామంది విద్యార్థులకు తెలియదు. అది సంస్థ ద్వారా లభించే సదుపాయం కనుక మన గది నుంచి నేరుగా తెరవలేము. తమ గ్రంథాలయంలో ఎవరిని అడగాలో, ఏ పేరుతో వెతకాలో మాత్రం చెప్పి పంపుతున్నాము.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు. కొత్త యంత్రాల కొనుగోలుకు అనుకున్న మొత్తాన్ని ఈసారి ఆ పద్దు నుంచి మళ్లించి, సాయంత్రం వేళ గదిలో ఉండి సహాయపడేందుకు ఒక పీజీ విద్యార్థికి గౌరవ వేతనంగా ఇవ్వాలన్నది మొదటిది. సెమిస్టరు పరీక్షల నెలల్లో గదిని రాత్రి 10 గంటల వరకు తెరిచి ఉంచి, చూపులేని విద్యార్థుల నోట్సును పాఠంగా మార్చే పనికి కాలనీలోని విశ్రాంత ఉపాధ్యాయులను, గృహిణులను ఆహ్వానించాలన్నది రెండోది. తెలుగు తప్పుల్లేకుండా చదవగలిగితే చాలు, మిగతాది మేము నేర్పుతాము. ఈ రెండింటినీ సర్వసభ్య సమావేశం చర్చించి ఆమోదించవలసిందిగా కోరుతున్నాము.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి