డోలు కొట్టినవాళ్ల పేర్లు కూడా చదివించండి

సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పోయిన వారం ఒక లైవ్ కచేరీకి వెళ్లాను. వేదికకు ఒక పక్క డీజే, ఆయన ముందు లాప్‌టాప్, మిక్సర్. ఇంకో పక్క ఆరుగురు ఆదివాసీ డోలు కళాకారులు. అక్కణ్ణుంచి ఎంతో సంతోషంతో, కొంత బాధతో ఇంటికొచ్చాను. రెండూ మీకు చెప్పాలనే ఈ లేఖ.

డీజే సంగీతంలో దెబ్బ కంప్యూటర్ లెక్క ప్రకారం పడుతుంది. నిమిషానికి 128 అని పెడితే చివరిదాకా 128 పడుతుంది. చేత్తో కొట్టే డోలు అలా కాదు. ఆడేవాళ్ల అడుగును చూసి వేగం అందుకుంటుంది, కాస్త తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. అందుకే మొదటి అరగంట రెండూ కలవలేదు. డోలు వాళ్లు లాప్‌టాప్ వెనకాల పరిగెత్తుతున్నట్టే ఉంది. ఇంతలో ముందు నిలబడ్డ పెద్దాయన ఉన్నట్టుండి వేగం పెంచారు. డీజే తలెత్తి ఆయన చేతుల వైపు చూశాడు. పాట వేగం మార్చే టెంపో స్లైడర్ మీద వేలు పెట్టి, ఆయన దెబ్బను బట్టి కొంచెం కొంచెంగా జరపడం మొదలుపెట్టాడు. ఇక చూడండి! అప్పటిదాకా ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్న కుర్రాళ్లు వాటిని జేబులో పడేసి ఎగిరారు. నేనూ ఎగిరాను.

విరామంలో వేదిక వెనక్కి వెళ్లాను. ఆ రోజు వాన పడింది. తేమకు డోలు తోలు వదులై మోత మొద్దుబారుతుంది, మంట సెగకు పెడితే మళ్లీ బిగుస్తుంది. అక్కడ మంట పెట్టనివ్వరు, అది సబబే. కానీ వేరే ఏర్పాటు ఏదీ చేయలేదు. పెద్దాయన ఒక హాలోజన్ లైటుకు ఎదురుగా డోలు పట్టుకుని, అరచేత్తో తడుముతూ, వేలితో తట్టి చెవి పెట్టి వింటూ నిలబడ్డారు. పోస్టర్ మీద డీజే పేరు పెద్దక్షరాల్లో ఉంది, కింద "గిరిజన డోళ్లతో" అని మాత్రమే వేశారు. చివర్లో వేదిక మీద పేర్లు చదివినప్పుడు కూడా ఆ ఆరుగురిలో ఒక్కరి పేరూ రాలేదు. రికార్డు చేస్తున్నారా అని అడిగితే, "తీస్తున్నట్టున్నారు, తర్వాత ఏం చేస్తారో మాకు చెప్పలేదు" అన్నారాయన.

తైవాన్‌లో అమిస్ తెగకు చెందిన డిఫాంగ్, ఆయన భార్య పాడిన పాటను 1990లలో ఒక జర్మన్ సంగీత బృందం వాడుకుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలో ఆ గొంతు ప్రపంచమంతా విన్నది, పాడినవాళ్లెవరో చెప్పలేదు. వాళ్లు కోర్టుకెక్కి, 1999లో రాజీ కుదిరాక గానీ వాళ్లకు పేరు దక్కలేదు. ఇలాగే జరగాలని ఏమీ లేదు. కెనడాలో ఆదివాసీ డీజేలు పెట్టుకున్న 'ఎ ట్రైబ్ కాల్డ్ రెడ్' 2013 ఆల్బంలో డోలు బృందాల పేర్లు పాటల పేర్ల పక్కనే వేసింది. జనం ఆ పాటలకు తక్కువేమీ ఎగరలేదు.

ఇది దయతో చేయాల్సిన పని కూడా కాదండీ. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ 1996లో చేసిన ప్రదర్శనలు, ఫోనోగ్రాముల (అంటే ధ్వని రికార్డింగుల) ఒప్పందం జానపద కళలు ప్రదర్శించేవాళ్లను కూడా కళాకారులుగానే లెక్కించింది. లైవ్‌లో వినిపించినా తమ పేరు చెప్పమనే హక్కు, తమ ప్రదర్శనను రికార్డు చేయాలంటే అనుమతి ఇచ్చే హక్కు అందులో ఉన్నాయి.

అందుకే నా విన్నపం. మీ శాఖ అనుమతి, డబ్బు అందుకునే ప్రతి కచేరీలో డోలు కళాకారుల పేర్లు పోస్టర్ మీద, వేదిక మీద ఉండాలని షరతు పెట్టండి. రికార్డింగ్ గురించిన ఒప్పందం వాళ్ల భాషలో రాయించి, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోమనండి. దాని మీద వచ్చే డబ్బులో వాళ్ల వాటా ఎంతో అందులోనే ఉండాలి. డోలు వేడి చేసుకోవడానికి భద్రమైన చోటు, వాళ్ల చప్పుడు వాళ్లకు వినపడేలా ఒక మానిటర్ స్పీకర్ కూడా ఇప్పించండి. ఇవి పెద్ద ఖర్చులు కావు.

ఆ రాత్రి బయటికి వచ్చే ముందు ఆరుగురి పేర్లూ అడిగి, టికెట్ వెనకాల రాసుకున్నాను. వాళ్ల అనుమతి తీసుకుని మీ కార్యాలయానికి పంపుతాను.

ఇట్లు,
ఆ కచేరీ విన్న ఒక శ్రోత