ఈసీజీ నార్మల్ వచ్చినంత మాత్రాన ఇంటికి పంపొద్దు

ఛాతీ నొప్పి అని పోతే ఒక్క ఈసీజీ తీసి గ్యాస్ అని ఇంటికి పంపుడు మన వరంగల్ దిక్కు ఆగాలె, ఎందుకంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, డాక్టర్లు అయోర్టా అంటరు, అది చిరిగినా ఈసీజీ బాగనే కనవడొచ్చు. మా కాకకు ఏండ్ల సంది బీపీ, బీడీలు గూడ తాగేటోడు, ఒకరోజు పొద్దుగాల ఛాతీల ఏదో చీరేసినట్టు నొప్పి లేసి వీపులకు పాకింది, దగ్గర్ల దవాఖానకు తీస్కపోతే ఇంజక్షన్ ఇచ్చి పంపిన్రు, రాత్రి మళ్ల లేస్తే ఇంకోకాడ సీటీ యాంజియో, అంటే రక్తనాళాలు కనవడే స్కాన్, తీసినంక అయోర్టా లోపలి పొర చిరిగిందన్నరు, హైదరాబాద్ తీస్కపోతుంటే జనగామ దాటకముందే పాణం పోయింది. అయోర్టాల గుండె పక్కనున్న భాగం చిరిగితే వెంటనే ఛాతీ తెరిచి కృత్రిమ గొట్టం కుట్టాలె, గంట గంటకు ముప్పు పెరుగుతది, పైగ హార్ట్ ఎటాక్ అనుకొని రక్తం పల్చబడే మందులిస్తే ఇంకా డేంజర్. యాక్సిడెంట్ల స్టీరింగ్ ఛాతీకి గుద్దుకున్నోళ్లకు గూడ పైకి గాయం లేకున్నా అయోర్టా చిరగొచ్చు, వాళ్లల్ల కొందరికి తొడ దగ్గరి నాళంల నుంచి స్టెంట్ పంపి సరిచేయొచ్చు, కని ముందుగాల దొరకాలె గద. అందుకే చీరినట్టు నొప్పి అన్నోళ్లకు రెండు చేతులకు బీపీ చూసుడు ప్రతి ఎమర్జెన్సీల తప్పనిసరి చేయాలె, దానికి ఖర్చేం గాదు, అయోర్టా చిరిగితే రెండు చేతుల బీపీల తేడా రావొచ్చు, ఆ తేడా ఉంటే గానీ అనుమానం పోకుంటే గానీ సీటీ యాంజియో అర్ధరాత్రైనా తీసేటట్టు జిల్లా దవాఖానల్ల మనుషులను పెట్టాలె, ఆపరేషన్ చేసే దవాఖానకు ముందే ఫోన్ చేసి అంబులెన్స్‌ల బీపీ తగ్గించుకుంట తీస్కపోవాలె.

— ఒక పాఠకుడు, హన్మకొండ